వాలని కారు

నా భార్య ఎలీషమ్మ ఏ మలుపులో ప్రాణం విడిచిందో ఎవరికీ తెలియదు. పక్కనే కూర్చుని కారు నడిపిన నా కొడుకు విక్టర్‌కూ తెలియదు. ఆ కారులో రెండే సీట్లు. ఒకటి వాడిది, ఒకటి ఆమెది. మేడ్చల్ డిపోలో ముప్పై ఏళ్ళు బస్సు నడిపి ఊరందరినీ ఎక్కించుకున్నవాణ్ణి. నా ఇంటి బండిలో నాకు చోటు లేదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

మొన్నటి వానాకాలం సంగతి ఇది. తొలకరికి ముందే ఆసుపత్రిలో మందులు ఆపేశారు. ఆపేశామని అనలేదు. "ఇంటి దగ్గర బాగా చూసుకోండి" అన్నాడు డాక్టరు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

యాప్రాల్ ఆసుపత్రి నుంచి అద్దె కారులో జవహర్‌నగర్ మీదుగా బయలుదేరాం. ముందర చెత్త లారీలు. అద్దం దించితే వాసన, ఎత్తితే ఉక్క. కారు అటు వాలితే ఆమె అటు, ఇటు వాలితే ఇటు. శామీర్‌పేట రాకముందే కారు ఆపించి రోడ్డు పక్కన కూలబడి వాంతి చేసుకుంది.

"జర నిమ్మలంగ పోనీ భాయ్," అన్నాను డ్రైవరుతో.

"ఆయన్నేమంటవ్?" అంది ఆమె, కొంగుతో మూతి తుడుచుకుంటూ. "పెండ్లైన కొత్తల నీ బస్సెక్కి సుత కక్కిన. మళ్ళ ఎన్నడన్న ఎక్కిన్నా?"

ఎక్కలేదు. అది నిజం. సికింద్రాబాద్ పోవాలంటే స్టేషనుకు నడిచిపోయి రైలెక్కేది. రైలు వాలదు అనేది. నేను నడిపిన బస్సులో మా వాడకట్టులో అందరూ కూర్చున్నారు, నా భార్య తప్ప.

ఇంటికి వచ్చాక ఆమె ఒక చోట నిలవలేదు. పడుకుంటే నొప్పి, కూర్చుంటే నొప్పి. మంచం వాకిట్లో వేయించుకునేది. చినుకు పడకముందే లోపలికి తెమ్మనేది. ఫ్యాను వెయ్యమనేది, వేస్తే ఆర్పమనేది. నా కోడలు హన్నా విసుక్కోకుండా మంచాన్ని అటూ ఇటూ జరిపింది.

"అత్తమ్మా, ఈ మంచానికి చక్రాలు పెట్టుమని చెప్దామా మీ కొడుకుకు?"

"ఇంజను సుత పెట్టుమను బిడ్డా. ఎవ్వల్ని పరేషాన్ చెయ్యకుంట నేనే నడుపుకుంట పోత."

విక్టర్ షెడ్డు మా ఇంటిని ఆనుకునే ఉంటుంది, హైవే వైపు మొహం పెట్టి. కార్లు బాగుచేస్తాడు. షెడ్డులో ఓ మూల ఆ రెండు సీట్ల కారు ఉండేది. జపాన్ కారు, పాతది, ఎర్రది, నేలకు జానెడు ఎత్తులో. ఎవరో గుద్దుకుని పారేస్తే తునకలుగా కొనుక్కొచ్చి, ఏళ్ళ తరబడి కూర్చి నిలబెట్టాడు. అందులో ఇద్దరే పడతారు, సంచి పెట్టడానికి కూడా చోటుండదు. దాన్ని నేనెప్పుడూ బండిగా లెక్కపెట్టలేదు.

ఒక సాయంత్రం వాడు తల్లిని రెండు చేతులా ఎత్తి అందులో కూర్చోబెట్టాడు.

"గుంతల కూసున్నట్టున్నదిరా," అంది.

"గట్లనే ఉంటదమ్మా. భూమికి దగ్గర."

"నేను సుత దగ్గరనే ఉన్న లే," అని నవ్వింది. వాడు నవ్వలేదు.

శామీర్‌పేట చెరువు కట్ట దాకా పోయి వచ్చారు. చీర ముందు భాగం తడిసి ఉంది. వాంతి చేసుకుని కడుక్కుంది. కానీ ఆ రాత్రి నిద్రపోయింది. పొద్దున లేచి, "కదులుతుంటే నొప్పి యాదికొస్తలేదు," అంది. "మలుపు దగ్గరనే పేగులు తిరుగుతున్నయ్. లేకుంటే మస్తుగున్నది."

ఆ వారంలోనే షెడ్డులోకి పోతే విక్టర్ కారు కింద ఉన్నాడు. నేలలో తవ్విన పనిగుంత మీద కారు నిలబెట్టి, కిందికి దిగి ఏదో బిగిస్తున్నాడు. ధర్మేందర్ స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ప్లాట్లు అమ్ముతాడు, అతని జీపు రిపేరుకు వచ్చింది.

"కాకా, మీవోడు ఇగ రేసులకు పోతడు," అన్నాడు. "చూడు, ఎంత లావు రాడ్డు ఎక్కిస్తున్నడో."

కారు కింద ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య అడ్డంగా ఒక ఇనుప రాడ్డు ఉంటుంది. ముందు ఒకటి, వెనక ఒకటి. మలుపులో బండి పక్కకు వాలబోతే ఆ రాడ్డు మెలిపడి ఆపుతుంది. స్టెబిలైజర్ రాడ్డు అంటాం. ఈ కాలం పిల్లలు స్వే బార్ అంటారు. కారుతో వచ్చింది బొటనవేలంత ఉంటే, వీడు తెప్పించింది దానికి ఒకటిన్నర రెట్లు లావు.

"మీ అమ్మ మంచంల ఉంటే నువ్వు కారుకు సోకులు చేస్తున్నవా?" అన్నాను.

వాడు నట్టు బిగిస్తూనే ఉన్నాడు. ఎందుకో చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

"దీనితోని కారు రోడ్డును పట్టుకున్నట్టే పోతది నాయినా," అన్నాడు కింది నుంచే. "మలుపుల అస్సలు వాలదు."

"వాలాల్నేరా. వాలకుంటే మలుపు ఎంత గట్టిదో నడిపేటోనికి ఎట్ల ఎరుకైతది? వాలుడంటే బండి మాట. దాని నోరు కడుతున్నవ్."

"నోరు కట్టుడు కాదు. జర గొంతు తగ్గిస్తున్న."

"ఒక చక్రం గుంతల పడితే గా రాడ్డు రెండోదాన్ని సుత గుంజుతది. లోపల కూసున్నోళ్ళ బొక్కలు కదుల్తయ్."

"గుంతలు లేని తొవ్వల పోత."

"మేడ్చల్‌ల గుంతల్లేని తొవ్వ ఏడున్నదిరా?"

ధర్మేందర్‌కు టీ పొరబోయింది. "కాకా మాట కరెక్టు విక్టర్. నా వెంచర్‌ల సుత లేదు," అన్నాడు.

వాడు పాన తిప్పుతూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం ఎలీషమ్మను ఎక్కించుకుని పోయాడు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. హైవే దాకా నడిచాను, తిరిగి వచ్చాను, మళ్ళీ నడిచాను. నిజామాబాద్ బస్సులు పోతున్నాయి. ఒక డ్రైవరు నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపాడు. నేను ఊపలేదు. మసక చీకటికి వాళ్ళు వచ్చారు. చీర పొడిగా ఉంది. ఆమె మొహంలో పెండ్లికి పోయివచ్చిన కళ ఉంది.

"వాలలేదయ్యా," అంది. నాకే చెప్పింది, కొడుకు వినాలని కాదు. "కట్ట మలుపు దగ్గర కండ్లు మూసుకున్న. ఇగ వస్తది, ఇగ వస్తది అనుకున్న. రానే లేదు. గిలాసల చాయ్ పట్టుకున్నా ఒలకదు."

"రేసులకు పెట్టుకున్నడట," అన్నాను.

"ఎవ్వలన్నరు? నా కడుపుల తిప్పుతున్నదనే పెట్టిండు. నీకు చెప్పలేదా?"

చెప్పలేదన్నాను. ఆమె నన్నే చూసింది. "నువ్వు అడిగినవా మరి?" అంది.

అప్పటి నుంచి రోజూ పోయేవారు. వాన వస్తే ఆగేదాకా ఆమె గడప దగ్గర కుర్చీలో తయారుగా కూర్చునేది, తలకు గుడ్డ చుట్టుకుని. ఆగగానే, "విక్టరూ, జల్దీ రా" అని కేక. పొద్దంతా నొప్పిని ఆ కేక కోసం దాచుకున్నట్టు ఉండేది. వాళ్ళు పోయాక ఇంట్లో నేనూ, హన్నా వండే కూర వాసనా. అన్నం తినబుద్ధి కాదు. ముందుగా తినకూడదనీ కాదు. కూర్చోలేకపోయేవాణ్ణి. ఆమెకు ఆ కొద్ది రోజులే ఉన్నాయి. వాటిలో సాయంత్రాలన్నీ వాడికి పోయాయి.

ఆషాఢంలో ఒక రోజు ఆమె మోచేయి కమిలి ఉండటం చూశాను. రైలు గేటు దగ్గర వాన నీళ్ళ కింద గుంత కనబడలేదట. ఒక పక్క చక్రం పడింది, కారు మొత్తం పక్కకు ఎగిరింది, ఆమె మోచేయి తలుపుకు కొట్టుకుంది. నేను చెప్పిందే జరిగింది.

షెడ్డులోకి పోయాను. "ఆ రాడ్డు తీసెయ్," అన్నాను.

"తీస్తే మళ్ళ కక్కుతది నాయినా."

"ముప్పై ఏండ్లు స్టీరింగు పట్టిన. నువ్వు నాకు చెప్తవా?"

"బస్సు వేరు, ఇది వేరు."

"మనిషి వేరారా? బొక్కలు వేరా?"

మా గొంతులు విని ఎలీషమ్మ గోడ పట్టుకుని వచ్చింది. హన్నా వెనక నుంచి నడుము పట్టుకుంది. "తియ్యిరా," అంది కొడుకుతో. "మీ నాయినకు నిద్ర పడుతలేదు."

వాడు చేతులు తుడుచుకున్నాడు. తొందరపడలేదు. "తీస్త. కానీ మళ్ళ పెట్టాల్నంటే నాయిననే అనాలె. రాడ్డు మంచిదేరా, పెట్టు అని నోటితోని అనాలె. అప్పటిదాంక నేను ముట్ట."

నా మొండితనం వాడికి వచ్చింది. మరేమీ రాలేదు.

పాత సన్న రాడ్లు పెట్టాడు. లావు రాడ్లు రెండూ గోడకు ఆనించాడు. మరుసటి సాయంత్రం కట్ట దాకా కూడా పోలేదు. తొందరగా తిరిగి వచ్చారు. ఆమెను దించుతుంటే పసరు వాసన. వాకిట్లో కూర్చోబెట్టి హన్నా నీళ్ళు పోస్తుంటే ఆమె కళ్ళు తెరవలేదు. తరువాత నాలుగు రోజులు కారు ఎక్కనంది.

ముసురు పట్టింది. మంచం మళ్ళీ వాకిలికీ ఇంట్లోకీ తిరగసాగింది. రాత్రి పగలు లేదు. గోడలు మీదికి వస్తున్నాయంటుంది. కిటికీ తెరవమంటుంది. నేను ఆమె పక్కన ఉన్నాను. నాకు కావలసింది అదే. నా కళ్ళ ముందే ఉంది. చాప మీద కూర్చుని ఆమె పాదాలు పట్టాను. ఆమె కళ్ళు గోడ మీది కారు తాళం మీదే ఉండేవి. మేకుకు వేలాడేది అది.

"ఒక్క మాట అను వానితోని," అంది ఒక మధ్యాహ్నం. "నీదేం పోతది?"

"నా మాట పోతది."

"నేనే పోతున్న గదయ్యా. నీ మాట ఉండి ఏం చేస్తది?"

నేను లేచి బయటికి పోయాను. కొడుకు దగ్గరికి పోలేదు.

ఆదివారం వచ్చింది. విక్టర్, హన్నా ప్రార్థనకు గుడికి పోయారు. పక్కింటి ముత్తమ్మను ఎలీషమ్మ దగ్గర కూర్చోబెట్టాను. నేను గుడికి వస్తున్నానని వాళ్ళు అనుకున్నారు. నేను షెడ్డు తలుపు తీశాను.

కారు పనిగుంత మీదే ఉంది. గుంతలో వాన నీళ్ళు చీలమండ లోతు నిలిచాయి. దిగాను. సన్న రాడ్లు విప్పి, లావువి ఎత్తి పట్టాను. ఒక చేత్తో పట్టి ఒక చేత్తో బిగించాలి. ఆ బరువు నాకు కొత్త కాదు, వయసే కొత్త. రాడ్లను పట్టి ఉంచే రబ్బరు బుష్‌లకు గ్రీజు పెట్టాను. లేకపోతే కిర్రుమంటాయి, ఆ చప్పుడుకు ఆమెకు కునుకు పట్టదు. వెనక రాడ్డు కొనకు మూడు రంధ్రాలున్నాయి. లోపలి దాంట్లో బిగిస్తే గట్టిగా ఉంటుంది, చివరి దాంట్లో బిగిస్తే కాస్త మెత్తబడుతుంది. వాడు లోపలి దాంట్లో బిగించేవాడు. నేను చివరి దాంట్లో బిగించాను. వాలకూడదు, గుంత దెబ్బా తగలకూడదు. గుడి మైకులో పాట అయిపోయి ప్రసంగం మొదలైంది. ప్రసంగం అయిపోయేసరికి చివరి నట్టు బిగిసింది.

విక్టర్ తెల్ల చొక్కాతో వచ్చి, నా బురద కాళ్ళు చూసి, వంగి కారు కిందికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అంటే మంచిదేనంటవా నాయినా?"

"నట్లు సరిగ్గున్నయో లేవో చూసుకో."

"మంచిదా కాదా, గది చెప్పు."

"నట్లు చూసుకో అన్న."

వాడు చొక్కా విప్పి గుంతలోకి దిగి ప్రతి నట్టూ చూశాడు. ఒక్కటి కూడా మళ్ళీ తిప్పలేదు. వెనక రాడ్డును లోపలి రంధ్రానికీ మార్చలేదు. ఆ సాయంత్రం గడప దగ్గర కుర్చీలో ఎలీషమ్మ తలకు గుడ్డ కట్టించుకుంటూ నన్ను పిలిచింది. నా చేతి గోళ్ళలో గ్రీజు చూసింది. తన కొంగుతో ఒక్కొక్క వేలూ తుడిచింది. పోలేదు. గ్రీజు కొంగుకు పోతుందా?

వాళ్ళు మళ్ళీ రోజూ పోయారు. నేను మళ్ళీ గేటు దగ్గర నిలబడ్డాను.

శ్రావణం చివర. పొద్దున్నంతా వాన, సాయంత్రానికి తెరిపి. ఎక్కే ముందు ఆమె, "వచ్చేటప్పుడు మక్క కంకి తెస్త నీకు. కొరకనీకి పండ్లున్నయ్ గద ఇంక?" అంది. "నాలుగున్నయ్," అన్నాను. కారు పోయింది.

చీకటి పడకముందే వచ్చింది. హైవే మీద నుంచి మా సందులోకి తిరిగే చోట ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. అక్కడ మలుపు గట్టిది. ఏ బండి అయినా వాలుతుంది, లోపలి మనుషులు పక్కకు ఒరుగుతారు. ఆ కారు వాలలేదు. చక్కగా తిరిగింది. అద్దంలోంచి ఆమె తల కనబడింది. సీటుకు ఆనుకుని, నిటారుగా, ఏ పక్కకూ జరగకుండా. ఇన్ని రోజులకు హాయిగా నిద్రపోయింది అనుకున్నాను.

విక్టర్ నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టాడు. ఇంజను ఆపి చప్పుడు కాకుండా దిగాడు.

"కట్ట మీదనే పండుకున్నది," అన్నాడు మెల్లగా. "లేపొద్దని నిమ్మలంగ తెచ్చిన."

నేను తలుపు తీశాను. ఆమె ఒడిలో కాగితంలో చుట్టిన కంకి ఉంది. తీసుకున్నాను. వెచ్చగా ఉంది. వెచ్చగా ఉన్నది అదొక్కటే.

వాడు నా మొహం చూశాడు. అప్పుడు వాడికి తెలిసింది.

"బండి వాలితే తెలుస్తుండె," అన్నాను.

అంతకంటే నేను ఒక్క మాట ఎక్కువ అనలేదు. అన్న మాటను వెనక్కీ తీసుకోలేదు. వాడు కారు ముందు నేల మీద కూర్చున్నాడు. హన్నా లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది.

వానలు తగ్గాక సమాధి మీద సిలువ రాయి పెట్టించారు. ఆ పొద్దున హన్నా తన స్కూటీ మీద పూలు తీసుకుని ముందే పోయింది. నేను బస్సుకు పోదామని గేటు దాటాను. విక్టర్ ఆ కారు తెచ్చి నా ముందు ఆపాడు. ఎడమ తలుపు తెరిచాడు. ఖాళీ సీటు.

ఎక్కాను. సీటు ఆమె ఒరిగినంత వెనక్కే ఉంది. సరిచేసుకోలేదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మలుపు వచ్చింది. చెరువు కట్ట దగ్గర పెద్ద మలుపు వచ్చింది, ఆమె కళ్ళు మూసుకున్నది అక్కడే. నేను మూసుకోలేదు. ఇప్పుడు వస్తుంది, ఇప్పుడు వస్తుంది అనుకున్నాను. రాలేదు. నా ఒంట్లో ఏదీ పక్కకు జరగలేదు. చెరువు నిండి ఉంది, నీళ్ళు తూము దాకా వచ్చాయి.

"ఇప్పుడన్న చెప్పు నాయినా," అన్నాడు విక్టర్. రోడ్డు మీద నుంచి కళ్ళు తీయలేదు. "మంచిగ చేసిన్నా, చెడగొట్టిన్నా? ఏదన్న ఒకటి అను. తిట్టినా సరే."

నేను నీళ్ళు చూశాను. కట్ట దిగేదాకా వాడు మళ్ళీ మళ్ళీ అడిగాడు. తరువాత అడగటం మానేశాడు.

ఇప్పుడు షెడ్డుకు కుర్రాళ్ళు కార్లు తెస్తారు. డ్రైవరు తాతా, లావు రాడ్డు వేస్తే నిజంగా తేడా ఉంటదా అని నన్ను అడుగుతారు. అప్పుడు విక్టర్ చేతిలో పాన ఆగుతుంది. నేను లేచి హైవే వైపు నడుస్తాను. ఇది చదివి నేను జవాబు చెప్పానని వాడు అనుకోవద్దు. చెప్పలేదు. ఆ రాడ్డు మాట గానీ, ఆ కారు మాట గానీ నా ముందు ఎవరూ ఎత్తవద్దు. ఎత్తినా నేను పలకను.